పంజరంలోని ఆకలికి జవాబుదారు ఎవరు?

కొన్ని ప్రశ్నలు చూడటానికి చాలా చిన్నవిగా ఉంటాయి. అడిగేవారు నవ్వుతూ అడుగుతారు, చెప్పేవారు నవ్వుతూనే జవాబు చెబుతారు. ఆ జవాబు ఒక ప్రాణి మీదికి వచ్చినప్పుడు గాని దాని బరువెంతో తెలియదు. అలాంటి ఒక ప్రశ్ననూ, దానికి మేమిచ్చిన తొందరపాటు జవాబునూ, ఆ తర్వాత మేము నేర్చుకున్న పాఠాన్నీ పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచదలచాము.

సికింద్రాబాద్‌ మారేడ్‌పల్లిలో నివసించే ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశారు. "హజ్రత్! మా ఇంట్లో ఒక కాకటీల్ చిలుక ఉంది. పిల్లలు మిట్టూ అని పిలుస్తారు. మూడేళ్ళుగా అది పొద్దుతిరుగుడు గింజలు తప్ప మరేదీ ముట్టదు. సాయంత్రం మేము చాయ్ తాగేటప్పుడు ఉస్మానియా బిస్కెట్టు ముక్క ముంచి ఇస్తే మాత్రం తింటుంది. పశువుల డాక్టరు గారు చూసి, దీనికి లోపల కొవ్వు పట్టింది, ఆకుకూరలూ కూరగాయలూ అలవాటు చేయండి అన్నారు. ఏం పెట్టినా ముక్కుతో తోసేస్తోంది. గింజలు తీసేసి రెండు రోజులు పస్తు పెడితే అదే దారికొస్తుందని మా బావమరిది అంటున్నాడు. అలా చేస్తే గునాహ్ అవుతుందా?" అని అడిగారు.

మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "దాని మేలు కోసమే కదా భాయి! ఆకలి వేస్తే అదే తింటుంది" అని చెప్పి చెప్పులు తొడుక్కుని వచ్చేశాము.

శనివారం ఉదయం వారు గింజల గిన్నె తీసేశారు. దాని స్థానంలో క్యారెట్ ముక్కలూ తోటకూరా పెట్టారు. ఆదివారం అస్ర్ నమాజు వేళకు ఆ గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. చిలుక మాత్రం రెక్కలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని పంజరం అడుగున కూర్చుండిపోయింది. ఇంటివాళ్ళు పరుగున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అంతకుముందు చూపించినప్పుడు 96 గ్రాములున్న పక్షి 84 గ్రాములకు దిగిపోయింది. అంటే ఒంట్లో ఎనిమిదో వంతు కరిగిపోయింది. డాక్టరు గారు దానికి చేత్తో ఆహారం పట్టించి బతికించారు.

మరునాడు మేము చూడటానికి వెళ్ళాము. ఆ ఇంటి పదేళ్ళ పిల్లవాడు మా ముఖంలోకి సూటిగా చూసి, "హజ్రత్! ఆకలి వేస్తే తింటుందని మీరే చెప్పారట కదా. మరి ఎందుకు తినలేదు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. తెలియని విషయంలో తెలిసినవారిని అడగమని ప్రజలకు బోధించే మేము, ఎవరినీ అడగకుండానే జవాబు చెప్పేశాము. ఆ చెప్పినందుకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుని, ఆ పిల్లవాడి ప్రశ్నను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించసాగాము.

మొండితనం కాదు, తెలియకపోవడం

మనం ముందుగా చేసే తప్పు ఏమిటంటే, పక్షిలో మన స్వభావాన్ని చూడటం. "దీనికి ఎంత పొగరో చూడండి", "నోటికి రుచి మరిగింది" అంటాము. నిజానికి మనోవాంఛలకు లొంగిపోయాడని మనిషిని మందలించవచ్చు. ఎందుకంటే అతనికి బుద్ధి ఉంది, షరియతు ఆజ్ఞల బాధ్యత ఉంది. పక్షికి ఆ బాధ్యత లేదు. దాని తిరస్కారం పాపమూ కాదు, తిరుగుబాటూ కాదు.

అసలు విషయం ఏమిటంటే, ఏది తినదగినదో చిలుక పిల్ల తన తల్లిదండ్రుల దగ్గరా గుంపు దగ్గరా చూసి నేర్చుకుంటుంది. చిన్ననాట చూడని వస్తువు దాని దృష్టిలో ఆహారమే కాదు. అడవిలో ఈ అనుమానమే దాని ప్రాణాన్ని కాపాడుతుంది. ముందూ వెనుకా చూడకుండా కనబడిన ప్రతి కాయనూ కొరికే పక్షి ఏదో ఒకరోజు విషపు కాయ కొరికి చనిపోతుంది. కాకటీల్ ఆస్ట్రేలియా ఖండపు పక్షి. అక్కడి మైదానాలలో గుంపులుగా తిరుగుతూ గడ్డి గింజలు ఏరుకుని బతుకుతుంది. పుట్టింది మొదలు గింజలు మాత్రమే చూసిన పక్షికి క్యారెట్ ముక్క ఒక ఎర్రని రాయితో సమానం. రాళ్ళు నింపిన గిన్నె ముందు ఎంత ఆకలితో కూర్చున్నా మనం మాత్రం తింటామా?

అందుకే నిండు గిన్నె పక్కనే పక్షి ఆకలితో చనిపోగలదు. పైగా చిన్న పక్షి ఒంట్లో నిల్వ చాలా తక్కువ, ఖర్చు చాలా ఎక్కువ. మనకు రెండు రోజుల పస్తు నీరసం. దానికి అది ప్రాణం మీదికి వచ్చే గండం. కాలేయానికి కొవ్వు పట్టిన పక్షికైతే పస్తు మరింత ప్రమాదకరం.

ఇక్కడ మహాప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి) ఇంట ఒకసారి ఉడుమును పోలిన ఒక జంతువు మాంసం వడ్డించారు. దైవప్రవక్త (స) చేయి చాచి, అదేమిటో తెలిసిన తర్వాత చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదనీ, అది తమ ప్రజల నేలలో లేదు గనుక మనసుకు ఇంపుగా లేదనీ ఆయన (స) వివరించారు. ఖాలిద్ (రజి) దాన్ని తన ముందుకు లాక్కుని తిన్నారు. ఆయన (స) చూస్తూ ఉన్నారు, వారించలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది.

ఈ సంఘటనలో ఎంత సౌమ్యత ఉందో చూడండి. పరిచయం లేని ఆహారం పట్ల విముఖత అనేది మానవశ్రేష్ఠునికే కలిగింది. దాన్ని ఆయన (స) దాచలేదు, ఇతరుల మీద రుద్దలేదు. అపరిచితమైన దాన్ని మనసు ఒప్పుకోకపోవడం సృష్టిలో ఉన్న సహజ గుణమేనని దీనివల్ల తెలుస్తోంది. మరి బుద్ధీ మాటా లేని పక్షిలో అదే గుణం కనిపిస్తే మనం కోపగించుకోవడం ఏమి న్యాయం?

ఈ మాట రాస్తుంటే మా బాల్యం కళ్ళ ముందు మెదిలింది. మేము గుంటూరు వైపు పల్లెలో పుట్టి పెరిగినవాళ్ళం. అన్నం, పప్పు, గోంగూర తప్ప మరేదీ ఎరగము. చదువు కోసం ఉత్తరాదిన ఒక మదర్సాలో చేరినప్పుడు మా వయసు పన్నెండేళ్ళు. అక్కడ రెండు పూటలా రొట్టె, పల్చటి పప్పు. రొట్టె గొంతు దిగేది కాదు. "ఆకలి వేస్తే వాడే తింటాడు" అని వంటశాల చూసే పెద్దమనిషి అన్నారు. మూడో రోజు ఒక వృద్ధ ఉస్తాద్ మా పక్కన వచ్చి కూర్చున్నారు. మా పళ్ళెంలోని రొట్టెను తుంచి పప్పులో నానబెట్టి, తాను ఒక ముద్ద తిని, రెండో ముద్ద మా చేతికిచ్చారు. వారం రోజులు అలాగే మాతో కలిసి తిన్నారు. నేటికీ మాకు రొట్టె అంటే ఆయన చేయే గుర్తుకు వస్తుంది. అలాంటి మేమే, మా గురించి ఒకనాడు అన్న మాటను ఒక మూగజీవి గురించి అనేశాము. మనిషి ఎంత త్వరగా మరచిపోతాడు!

మూసిన రెండు తలుపులు

పిల్లిని కట్టేసి చంపిన స్త్రీ గురించిన హదీసు మనలో వినని వారు ఉండరు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసు ప్రకారం ఆమె ఆ కారణంగా నరకశిక్షకు గురైంది. అయితే ఆ హదీసులో ఆమె నేరాన్ని వివరించిన తీరు మీద మనం పెద్దగా దృష్టి పెట్టము. ఆమె దానికి తిండి పెట్టలేదు. అంతే కాదు, నేల మీద తిరిగే పురుగూ పుట్రా ఏరుకుని తినేందుకు దాన్ని వదలనూ లేదు. అంటే ఆమె రెండు తలుపులు మూసింది. ఒకటి తన చేతి నుంచి వచ్చే ఆహారం, రెండవది అల్లాహ్ భూమి మీద పరిచిన ఆహారం.

వీధి పిల్లికి మనం ఒకరోజు తిండి పెట్టకపోతే మన మీద నేరం లేదు. దానికి రెండో తలుపు తెరిచే ఉంది. ప్రతి ప్రాణి ఆహార బాధ్యత అల్లాహ్‌దేనని సూరా హూద్‌లో మనం చదువుతాము. ఉదయం ఖాళీ కడుపుతో ఎగిరి సాయంత్రం నిండు కడుపుతో గూటికి చేరే పక్షుల ఉపమానం తిర్మిజీ హదీసులో ఉంది. ఆ ఉపమానం అంతా పక్షి ఎగరడం మీద ఆధారపడి ఉంది. మనం పంజరం తలుపు వేసిన క్షణాన ఆ పక్షి ఎగిరి వెళ్ళి వెతుక్కునే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఒకే ఒక తలుపు, మన చేయి. అది కూడా ముడుచుకుంటే?

మరో సంగతి ఆలోచించండి. బయట ఉన్న చిలుకకు ఒకరోజులో ఎన్నో చెట్లు, ఎన్నో గింజలు, ఎన్నో ఆకులు. దేన్ని కొరకాలో, దేన్ని వదలాలో అదే నిర్ణయించుకుంటుంది. మనం దాన్ని తెచ్చి, మూడేళ్ళు ఒకే గింజ పెట్టి, ఆ తర్వాత "ఇది వేరే ఏమీ తినదు" అని నింద వేస్తాము. దాని ఎంపికను లాక్కున్నది మనం. ఒకే గింజను అలవాటు చేసినది మనం. అయినా మందలింపు మాత్రం దానికే. ఆ అలవాటు పక్షి తప్పు కాదు, యజమాని నిర్లక్ష్యానికి ఫలితం. దాన్ని సరిదిద్దే శ్రమ కూడా యజమానే పడాలి.

మేలు కోసం పస్తు పెట్టవచ్చా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఎదుటి ప్రాణి మేలు కోరి, ఆకలిని ఆయుధంగా వాడవచ్చా?

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారి ఒక ఉదంతం ఉంది. ఆయన తన ఇంటి వ్యవహారాలు చూసే వ్యక్తిని, సేవకులకు వారి భోజనం ఇచ్చావా అని అడిగారు. ఇవ్వలేదని అతను చెప్పగానే, వెంటనే వెళ్ళి ఇవ్వమని పంపారు. ఎవరి తిండి తన అధీనంలో ఉందో వారికి దాన్ని ఆపివేయడం ఒక్కటి చాలు, మనిషి పాపి కావడానికి అనే భావం గల ప్రవక్త (స) ప్రవచనాన్ని అప్పుడు వినిపించారు. ఆ మాట సేవకుల సందర్భంలో వచ్చినా, తిండి తాళం చెవి ఎవరి చేతిలో ఉందో వారందరికీ అది హెచ్చరికే.

మన ఫుఖహా కూడా ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. పెంచుకునే జంతువుకు మేత పెట్టడం యజమాని మీద విధి అని వారు రాశారు. అతను పెట్టకపోతే ప్రభుత్వం బలవంతంగా పెట్టించవచ్చనీ, లేదా అమ్మించవచ్చనీ అధిక సంఖ్యాకుల అభిప్రాయం. హనఫీ మజ్హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం ఇది అతనికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న బాధ్యత. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) మాత్రం బలవంతం చేయవచ్చనే అన్నారు. అభిప్రాయ భేదం ఉన్నది న్యాయాధిపతి అధికారం విషయంలోనే. పస్తు పెట్టడం పాపమన్న విషయంలో కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. "ఇస్లాం కూడా ఆకలి ద్వారా శిక్షణ ఇస్తుంది కదా? రోజా అంటే అదే కదా?" అని ఎవరైనా అడగవచ్చు. ఆలోచించదగిన ప్రశ్నే. అయితే రోజా ఉండే వ్యక్తి తానే సంకల్పం చేసుకుంటాడు. తన ఆకలి ఎందుకో అతనికి తెలుసు. అది మగ్రిబ్ వేళకు ముగుస్తుందనీ తెలుసు. సహరీ తినమని అతనికి ప్రోత్సాహం ఉంది. ఇఫ్తార్ లేకుండా రోజుల తరబడి ఉపవాసం కొనసాగించడాన్ని ప్రవక్త (స) తన సహచరులకు వారించారు. రోగికీ, ప్రయాణికునికీ సడలింపు ఉంది. చిన్న పిల్లల మీద విధే కాదు. ఇన్ని హద్దుల మధ్య ఉన్న ఆకలి ఆరాధన అయింది. పంజరంలోని పక్షికి సంకల్పం లేదు, కారణం తెలియదు, ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. తాను ఎంచుకున్న ఆకలి శిక్షణ అవుతుంది. ఒకరి మీద రుద్దిన ఆకలి శిక్ష మాత్రమే అవుతుంది. అర్థం చేసుకోలేని ప్రాణికి శిక్ష వేసి ప్రయోజనమేమిటి?

అడిగింది పెట్టడమే ప్రేమా?

అలాగని "పాపం, దానికి ఇష్టమైనదే తిననివ్వండి" అని చేతులు దులుపుకోవడం కూడా దయ అనిపించుకోదు. పొద్దుతిరుగుడు గింజలో నూనె ఎక్కువ. చిలుకకు కావలసిన విటమిన్ ఏ, కాల్షియం అందులో చాలవు. ఏళ్ళ తరబడి అదొక్కటే తిన్న పక్షికి కాలేయం చుట్టూ కొవ్వు పేరుకుంటుంది, శ్వాస సంబంధ రోగాలు తేలికగా సోకుతాయి, ఆడ పక్షికి గుడ్డు పెట్టడం కష్టమవుతుంది. చాయ్‌లో ముంచిన బిస్కెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. చాయ్‌లోని కెఫీన్ పక్షికి హానికరం. బిస్కెట్టులోని చక్కెరా, ఉప్పూ, కొవ్వూ దాని చిన్న శరీరానికి మోయలేని భారం.

మన వినోదం కోసం బిస్కెట్టు తినిపించి, అది తల ఊపుతూ ఈల వేస్తే మురిసిపోతాము. దాన్ని ప్రేమ అనుకుంటాము. ఆ ప్రేమ మన సంతోషం కోసమా, దాని ఆరోగ్యం కోసమా? అప్పగించిన వస్తువును పాడుచేయడమే కాదు, పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా అమానతులో ద్రోహమే. పస్తు పెట్టేవాడు కాఠిన్యం వల్ల తప్పు చేస్తాడు. అడిగిందల్లా పెట్టేవాడు సోమరితనం వల్ల తప్పు చేస్తాడు. ఈ రెంటికీ మధ్య ఒక మార్గం ఉంది. అది కాస్త శ్రమతో కూడినది. అందుకే జనం దాన్ని తక్కువగా ఎంచుకుంటారు.

మృదుత్వం, క్రమం, సాంగత్యం

ఒకసారి విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) మాట వినని ఒక ఒంటె ఎక్కి, దాన్ని అటూ ఇటూ గుంజసాగారు. అప్పుడు దైవప్రవక్త (స) ఆమెకు మృదుత్వాన్ని ఉపదేశించారు. మృదుత్వం ఏ విషయంలో ఉన్నా దానికి అందాన్నిస్తుందనీ, దాన్ని తీసివేస్తే ఆ విషయం వికారమవుతుందనీ బోధించారు. మనం సభలలో తరచూ వినే ఈ బోధన ఒక జంతువు విషయంలో వెలువడిందని సహీహ్ ముస్లిం ద్వారా తెలుస్తోంది.

రెండవది క్రమం. మద్యం ఒక్కరోజులో నిషేధింపబడలేదు. దాని కీడు మేలు కన్నా పెద్దదని మొదట తెలుపబడింది, తర్వాత మత్తులో నమాజుకు రావద్దన్న ఆజ్ఞ వచ్చింది, చివరికి సంపూర్ణ నిషేధం వచ్చింది. మొదటి రోజే మానేయమని ఉంటే ప్రజలు ఎన్నటికీ మానమని అనేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట బుఖారీలో ఉంది. బుద్ధిగల మనుషుల అలవాటు మార్చడానికే సృష్టికర్త ఇంత ఓపికను చూపితే, ఒక పక్షి అలవాటును మనం రెండు రోజుల్లో మార్చాలనుకోవడం ఏమిటి?

ఈ రెండు సూత్రాలనూ గుండెలో పెట్టుకుని, డాక్టరు గారిని అడిగి తెలుసుకుని, ఆ కుటుంబం చేపట్టిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము. ఇంట్లో చిలుక ఉన్నవారికి ఉపయోగపడవచ్చు.

మొదట వారు వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఉదయం మేతకు ముందు పక్షిని తూచడం మొదలుపెట్టారు. ఈకల కింద చిక్కిపోయిన ఒళ్ళు కంటికి కనబడదు, కాటా మాత్రమే చెబుతుంది. బరువు పదో వంతు తగ్గితే ప్రమాద సూచనగా భావించి, పాత మేతను నిండుగా ఇచ్చి, వెంటనే వైద్యునికి చూపాలి.

గింజలు ఎన్నడూ పూర్తిగా తీసేయలేదు. పక్షికి ఉదయం ఆకలి ఎక్కువ. ఫజ్ర్ తర్వాత వెలుగు రాగానే సన్నగా తరిగిన ఆకుకూరలో కొన్ని గింజలు కలిపి పెట్టేవారు. గంట తర్వాత మామూలు గింజల గిన్నె ఇచ్చేవారు. అది పస్తు కాదు, అతిథికి ముందుగా ఒక పదార్థం వడ్డించి, వెనుకనే మరొకటి వడ్డించడం లాంటిది. పొద్దుతిరుగుడు గింజలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, వాటి స్థానంలో కంగ్నీ, అంటే కొర్రలు, కలుపుతూ వచ్చారు.

ఒకే కూరగాయను రోజుకో రూపంలో చూపారు. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన తోటకూరను ఒకరోజు తడిపి కట్టగా వేలాడదీశారు, మరొక రోజు గింజంత సన్నగా తరిగారు. క్యారెట్‌ను ఒకరోజు తురిమారు, ఒకరోజు ఉడకబెట్టారు. మొక్కజొన్న కంకి, మునగాకు, గుమ్మడి, జామ కూడా ప్రయత్నించారు. పచ్చిమిరపకాయ కూడా ఇచ్చారు. దాని ఘాటు పక్షులకు తెలియదు. మనకు నోరు మండించే గుణాన్ని పక్షి గ్రహించలేకుండా సృష్టించిన అల్లాహ్ వివేకం ఎంత గొప్పది!

అవకాడో, చాక్లెట్, చాయ్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్ళు పక్షికి పెట్టకూడదు. మన ఎండలకు తరిగిన కూరలు త్వరగా పాడవుతాయి గనుక రెండు గంటల లోపే తీసివేయాలి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది సాంగత్యం. చిలుక గుంపుగా తినే ప్రాణి. పంజరంలో ఉన్నదానికి ఇంటి మనుషులే గుంపు. ఒంటరిగా గిన్నె పెట్టి వెళ్ళిపోతే అది అనుమానిస్తుంది. మన మధ్య కూర్చోబెట్టుకుని, మనమూ ఆ ఆకునే తింటూ ఉంటే మెల్లగా దగ్గరికి వస్తుంది. మా ఉస్తాద్ రొట్టె ముద్ద తాను తిని మాకిచ్చింది ఇందుకేనని ముప్పై దాటిన తర్వాత మాకు అర్థమైంది.

అసలు పంజరం ఎందుకు?

ఇంత చదివాక, "ఇంత బాధ్యత ఉంటే అసలు పక్షిని పెంచడం ధర్మసమ్మతమేనా?" అని కొందరు అడగవచ్చు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, దైవప్రవక్త (స) ఆ పిట్ట సంగతి అడిగి అతన్ని పలకరించారు. ఈ హదీసు ఆధారంగా, తిండీ నీరూ సరిగా చూసుకుంటూ హింసించకుండా పక్షిని ఉంచుకోవచ్చని పండితులు అన్నారు. అంటే ఆ అనుమతి షరతుతో కూడినది. షరతు తప్పితే అనుమతి కూడా పోతుంది.

మన దేశవాసులకు మరొక విషయం కూడా వర్తిస్తుంది. మన తోటల్లో కనిపించే పచ్చని రామచిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్‌ను జనం ముర్గీ చౌక్ అని పిలవడం మనకు తెలుసు. ఎక్కడ దొరికినా, ఎంత చవకగా దొరికినా గూటి నుంచి దొంగిలించిన చిలుక పిల్లను కొనడం అంటే ఆ దొంగతనంలో పాలు పంచుకోవడమే. పిల్లల్ని కోల్పోయి రెక్కలు అల్లార్చిన తల్లి పక్షిని చూసి, పిల్లల్ని దానికి తిరిగి ఇచ్చేయమని మహాప్రవక్త (స) ఆదేశించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. అలాంటి చిలుక ఇప్పటికే ఇంట్లో ఉంటే గాలిలోకి వదిలేయడం కూడా సరికాదు. వెతుక్కుని తినడం తెలియని పక్షికి అది మరో రకం పస్తు. అటవీ శాఖ వారికి అప్పగించాలి. కాకటీల్ విదేశీ పక్షి గనుక ఈ నిషేధంలోకి రాదు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి అంతర్జాతీయ రక్షణ గల పక్షులను మాత్రం 2024 నియమాల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి.

పద్ధెనిమిది రోజుల తర్వాత

ఆ కుటుంబం విసుగు చెందకుండా పద్ధెనిమిది రోజులు ప్రయత్నించింది. పక్షి గింజలు ఏరుకుని ఆకులన్నీ కింద పడేసేది. ఆ పిల్లవాడు రోజూ అవి ఊడ్చి ఎత్తేవాడు, కాపీలో బరువు రాసేవాడు. పంతొమ్మిదో రోజు ఉదయం వాళ్ళ దాదీమా నేల మీద కూర్చుని కొత్తిమీర ఒలుస్తున్నారు. మధ్యలో ఒక ఆకు నోట్లో వేసుకున్నారు. పక్కన తిరుగుతున్న మిట్టూ ఆమె మోకాలి మీదికి ఎక్కి, కాసేపు ఆమె నోటి వైపు చూసి, చేతిలోని కాడను లాగి కొరికింది. ఆమె కదలలేదు. ఇంకో ఆకు తాను తిని, ఇంకొకటి దానికి అందించారు. ఆ పిల్లవాడు సంతోషంతో మాకు ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడది తోటకూరా, మొక్కజొన్నా తింటోంది. క్యారెట్ మాత్రం నేటికీ తోసేస్తోంది. తోసేయనివ్వండి. మనలో మాత్రం ఎవరికి అన్ని కూరలూ ఇష్టం?

పాఠక మిత్రులారా! ఈ పాఠం ఒక్క చిలుకకే పరిమితం కాదు. చక్కెర వ్యాధి వచ్చిన తల్లికి అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టేటప్పుడు, వేరే ఊరి నుంచి వచ్చిన కోడలికి మన ఇంటి వంట అలవాటు కానప్పుడు, బడి నుంచి వచ్చిన పిల్లవాడు పళ్ళెం తోసేసినప్పుడు మన నోట ఏ మాట వస్తోందో గమనించుకుందాము. "ఆకలి వేస్తే అదే తింటుంది" అన్న మాట నోటిదాకా వస్తే, ఎదుటివారి తిండి తాళం చెవి మన చేతిలో ఉందని గుర్తు చేసుకుందాము. ఆ తాళం చెవి గురించి రేపు ప్రళయదినాన ప్రశ్నించేవాడు, నోరులేని ప్రాణి ఆకలిని కూడా వినేవాడు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు మేమివ్వగలిగిన జవాబు ఇదే. నాయనా, అది తినలేదు, ఎందుకంటే అది ఆహారమని దానికి ఎవరూ పక్కన కూర్చుని చూపించలేదు. పొరపాటు మాది.

మన చేతుల కింద ఉంచిన ప్రాణులన్నిటి విషయంలో మృదుత్వాన్నీ, ఓపికనూ, తెలియనిది తెలియదని ఒప్పుకునే వినయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.